మంగు మచ్చలు - ఇంటి వైద్యము
(పంచాయతీ సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



త్రాగునీరు, రహదారులు, వీధిదీపములు - ఇవి మీ సభలలో నిత్యము చర్చకు వచ్చు విషయములు. నేడు నేను మనవి చేయదలచినది సభలలో ప్రస్తావనకు రానిది. అయినను పెక్కు ఇండ్లలో స్త్రీలను లోలోపల బాధించునది. అది చెక్కిళ్లపైనను, ముక్కుపైనను, నుదుటను నల్లగా వ్యాపించు మంగు.

మంగు వచ్చినచో శని పట్టినదని కొందరు భయపడుదురు. అది నిజము కాదు. మన చర్మమునకు రంగునిచ్చు పదార్థమొకటి కలదు. దానిని వైద్యులు మెలనిన్ అందురు. ఎండ తాకిడివలనను, గర్భధారణ కాలమున దేహములో కలుగు మార్పులవలనను, కొందరికి సంతాన నిరోధక మాత్రలవలనను, వంశపారంపర్యముగను ఆ పదార్థము కొన్నిచోట్ల అధికముగా తయారగును. అదియే మంగు. ఇది అంటువ్యాధి కాదు, ప్రాణాపాయకరమును కాదు. గర్భిణులకు వచ్చిన మంగు ప్రసవానంతరము కొన్ని నెలలలో తగ్గుటయు కలదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము పట్టణములు సముద్రమట్టమునకు 2,000 అడుగులకు పైబడిన ఎత్తున నున్నవి. మదనపల్లె చెంత ఆరోగ్యవరములో 1915 లోనే క్షయ చికిత్సాలయము ప్రారంభమగుటకు ఇచ్చటి చల్లని గాలియు ఒక కారణము. అయితే గాలి చల్లగా నున్నంతమాత్రమున ఎండ హాని చేయదని తలపరాదు. చర్మమును నల్లబరచు కిరణములు కంటికి కానరావు. ఎత్తు పెరిగినకొలది అవి తీక్షణమగునే గాని తగ్గవు. టమాటా కోతలకును, మల్బరీ ఆకు త్రెంచుటకును పోవు స్త్రీలకు ఈ సంగతి ముఖ్యముగా తెలియవలెను.

ఇక ఇంటి వైద్యము. సెనగపిండి, పెరుగు, పసుపు పూసికొనుటవలన సాధారణముగా కీడు లేదు. అయితే లోతుగా దిగిన మంగును అవి పోగొట్టలేవు. గట్టిగా రుద్దినచో చర్మము రేగి మచ్చ మరింత నల్లబడును. నిమ్మరసము పూసికొని ఎండలోనికి పోయినచో చర్మము కాలి బొబ్బలెక్కవచ్చును. జీడిగింజ రసము, జిల్లేడు పాలు, సున్నము ముఖమునకు తాకనీయరాదు. అవి చర్మమును కాల్చును. జిల్లేడు పాలు కంటిలో పడినచో చూపునకే ముప్పు.

అంగడిలో దొరకు క్రీములు అంతకంటె ప్రమాదకరములు కావచ్చును. కొన్నింటిలో స్టెరాయిడ్ మందు ఉండును. మొదట ముఖము తెల్లబడినట్లు తోచును. పిదప చర్మము పలుచనై ఎర్రబడి, మొటిమలు లేచును. అందుచేతనే 2018 లో కేంద్రప్రభుత్వము పలు స్టెరాయిడ్ లేపనములను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని నిర్ణయించినది. మరికొన్నింటిలో పాదరసము కలియును. కేరళలోని మలప్పురము జిల్లాలో అట్టి తెలుపు క్రీములు వాడినవారికి మూత్రపిండములు చెడిన సంగతిని అచ్చటి వైద్యులు 2023 లో వెల్లడించిరి.

మచ్చలన్నియు మంగు కావు. మచ్చ పాలిపోయియో, రాగిరంగుగనో ఉండి, అచ్చట స్పర్శ తెలియకున్నచో అది కుష్ఠు కావచ్చును. దానికి ప్రభుత్వాసుపత్రులలో మందులు ఉచితముగా నిత్తురు. 6 నెలలు గాని 12 నెలలు గాని వాడినచో నయమగును. పసరులు పూయుచు కాలము గడపినచో వ్రేళ్లు వంకరపోవును. పోయిన కాలము తిరిగి రాదు.

కావున సభ్యులారా, మీరు చేయదగిన పనులు కొన్ని కలవు. పొలము పనులును, ఉపాధి పనులును వీలైనంతవరకు ఉదయము 10 గంటలలోపు ముగియునట్లు చూడుడు. పనిచోట నీడ కల్పింపుడు. చీరచెంగో, వెడల్పు అంచుగల టోపీయో ధరింపుమని స్త్రీలకు చెప్పుడు. పేరు, చిరునామా, అందలి మందుల వివరము లేని క్రీములను అమ్మవలదని మీ ఊరి అంగడివారిని హెచ్చరింపుడు. తగ్గని మచ్చ గలవారిని ఆశా కార్యకర్తద్వారా ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పంపుడు. అచ్చటినుండి అవసరమును బట్టి పెద్ద ఆసుపత్రికి పంపుదురు. మంగు చికిత్సకు నెలలు పట్టును. ఎండనుండి కాపాడుకొననిచో మరల వచ్చును. ఓర్పు వహింపవలెనని వారికి ముందుగనే తెలుపుడు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. ముఖమున మచ్చ ఉన్నదని పెండ్లిచూపులలో పిల్లను తిరస్కరించుటయు, కోడలిని ఎత్తిపొడుచుటయు ఆ స్త్రీని దొంగచాటు మందులవైపు నెట్టుచున్నవి. గ్రామపెద్దలైన మీరు అట్టి మాటలను ఖండించినచో సగము వైద్యము జరిగినట్లే.