గండికోట గోడలు, మొహి గుడారాలు



ఎవరి స్మృతిలో ఈ సభ జరుపుకుంటున్నామో ఆ మాస్టారు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పిల్లలకు చరిత్ర చెప్పినవారు. కోట పడిన తేదీ కన్నా పడిన తీరు అడిగేవారు. అందుకే ఇవాళ కోటల సంగతే ఎత్తుకున్నాను, కాస్త దూరం నుంచి.

1241 ఏప్రిల్‌లో మంగోలు గుర్రాలు యూరప్ నడిబొడ్డుకు వచ్చాయి. 9వ తేదీన లెగ్నిట్సా దగ్గర పోలండు పెద్ద డ్యూకు రెండో హెన్రీని చంపారు. రెండు రోజులకు హంగేరీలో మొహి దగ్గర ఆ దేశపు రాజు నాలుగో బేలా సైన్యం మీద పడ్డారు. హంగేరీవాళ్లు చుట్టూ బండ్లు కట్టి, మధ్యలో గుడారాలు వేసుకున్నారు. రక్షణ అనుకున్నదే ఉచ్చయింది. ఇరుకులో గుడారాల తాళ్లు కాళ్లకు చుట్టుకుని మనిషీ గుర్రమూ కదలలేకపోయారు. మంగోలు నాయకుడు బాతూ ఖాన్ రాళ్లు విసిరే యంత్రాలతో వంతెన దాటాడు. అతని సేనాని సుబుతాయి దిగువన ఏరు దాటి వెనక నుంచి వచ్చాడు. ఒక పక్క దారి వదిలిపెట్టి, అటు పారిపోయినవాళ్లను తరిమి నరికారు.

అంతటి మంగోలు సైన్యమూ హంగేరీలోని ఎస్టెర్గోమ్ పట్నాన్ని కాల్చగలిగింది గానీ కొండమీది రాతికోటను పట్టలేకపోయింది. 1242 వసంతంలో వెనక్కి మళ్లింది. మంగోలుల మహాఖాన్ ఓగెదేయ్ చావే కారణమని కొందరు, గుర్రాలకు మేత చాలలేదని కొందరు అంటారు. బేలా మాత్రం రాతిని నమ్మాడు. దేశమంతా కోటలు కట్టించాడు. 1285లో మంగోలులు మళ్లీ వచ్చినప్పుడు మునుపటి ఆట సాగలేదు.

అదే శతాబ్దంలో మన సీమలోనూ గుర్రానిదే పైచేయి. కాకతీయ రాజు గణపతిదేవుడి కింద అశ్వసేనాని కాయస్థ గంగయసాహిణి ఈ వైపు ఏలాడు. ఆ వంశంలోని అంబదేవుడు వల్లూరు నుంచి కాకతీయులకే ఎదురు తిరిగాడు. అలాంటి గుర్రపుదండును ఆపడానికి గండికోటను మించిన చోటేది? ఎర్రమలను పెన్న కోసుకుంటూ పోయిన లోయ ఒక పక్క, మిగిలిన వైపు ఎర్రరాతి గోడ. లోపల నీళ్లున్నాయి, పంట భూములున్నాయి.

అయినా 1650లో ఆ కోట పడింది. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దాన్ని అక్కడి పాలకుడు పెమ్మసాని చిన తిమ్మానాయుడి నుంచి తీసుకున్నాడు. మన పెద్దలు చెప్పే కథలో తిమ్మానాయుడి మంత్రి పొదిలి లింగన్న ద్రోహముంది, విషముంది. ఆ కథ ఈ నేలది, దాన్ని తీసిపారేయను. కానీ 1652లో గండికోటకే వచ్చి మీర్ జుమ్లాను కలిసిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే ఇంకో సంగతి రాశాడు. కొండెక్కే దారి పక్కనే అగాధం. కొన్నిచోట్ల ఏడెనిమిది అడుగుల వెడల్పే. ఆ దారిన ఫిరంగులు పైకి చేర్చితే నాలుగు నెలల జీతం అదనంగా ఇస్తానని మీర్ జుమ్లా యూరప్ గోలందాజులకు, అంటే ఫిరంగులు పేల్చేవాళ్లకు, మాట ఇచ్చాడు. నాలుగు ఫిరంగులు పైకెక్కాయి. గుండ్లు గుమ్మానికి తగిలాక కోటలోవాళ్లు ఒప్పందానికి దిగారు.

ఆ తర్వాతి ముచ్చట తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. ఫిరంగులు పోతపోయమని మీర్ జుమ్లా మాయే అనే ఫ్రెంచివాడికి పని అప్పగించాడు. లోహం కోసం గుళ్లలోని రాగి విగ్రహాలను పోగేశారు. ఒక గుడి నుంచి తెచ్చిన ఆరు విగ్రహాలు ఎంత కాల్చినా కరగలేదట. చివరికి ఒక్క ఫిరంగీ సరిగా రాలేదు. పగిలినవి పగిలాయి, వంకరపోయినవి పోయాయి. మాయే కొలువు వదిలి వెళ్లాడు.

హంగేరీలో గుర్రాన్ని ఆపిన రాయి ఇక్కడ ఫిరంగికి లోబడింది. ఈ నాలుగు వందల ఏళ్ల మార్పును లింగన్న ఒక్కడి నెత్తిన రుద్దడం నాకు న్యాయమనిపించదు. ద్రోహం జరిగి ఉండొచ్చు. గోలందాజుకిచ్చిన జీతమూ, తోపులు లాగిన మనుషుల చెమటా కూడా లెక్కలోకి రావాలి. ఆ బరువు మోసినవాళ్ల పేర్లు ఏ కాగితమూ రాయలేదు.

మన బడుల్లో ఊరి పాత చరిత్ర చెప్పే గండికోట కైఫీయతునూ తావెర్నియే యాత్రనూ పక్కపక్కన పెట్టి చదివించాలని ఈ సభను కోరుతున్నాను. పిల్లల్ని ఆ దారిన నడిపించి, ఫిరంగి ఎక్కడ ఎక్కి ఉంటుందో వాళ్లనే వెతకమనండి.