కరెంటు వచ్చింది, నీళ్లు రాలేదు

(మన సంఘం పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షనర్ల దినోత్సవం నాడు డి.ఎ. బకాయిల గురించి, 1982 డిసెంబరు 17 నాటి నకారా తీర్పు గురించి మాట్లాడుకోవటం మన ఆనవాయితీ. ఆ పని నా ముందు మాట్లాడిన మిత్రులు చక్కగా చేశారు. కార్యదర్శి గారు నాకు వేరే పని అప్పజెప్పారు. "మీరు కరెంటాయన కదా, తుఫాన్లప్పుడు కరెంటూ నీళ్లూ పోతే ఇళ్లల్లో ఏమవుతుందో చెప్పండి" అన్నారు. పావుగంట టైమిచ్చారు. కరెంటు వాళ్లు చెప్పిన టైముకు ఎన్నడూ పని పూర్తి చెయ్యరని మీకు తెలియనిది కాదు.

సబ్ ఇంజనీరుగా చేరి ఏ.డి.ఇ.గా రిటైరయ్యాను. తుఫాన్లు చాలా చూశాను. కాని అన్నీ స్తంభం దగ్గర నిలబడి చూసినవే. ఇంట్లో కూర్చుని చూసింది ఒక్కటే, హుద్‌హుద్. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఇక్కడున్న విశాఖ వాళ్లెవరికీ ఆ తేదీ గుర్తు చెయ్యనక్కరలేదు. మధ్యాహ్నం కాసేపు గాలి ఆగింది. తుఫాను కన్ను మన మీదుగా పోతోందని తెలియని పిల్లలు బయటకు వెళ్లబోయారు. ఆ తరువాత అవతలి వైపు నుంచి గాలి తిరిగి కొట్టింది. సాయంత్రానికి ఊళ్లో చెట్టన్నది నిలబడి లేదు. తీగలన్నీ రోడ్ల మీదే ఉన్నాయి.

మా అపార్ట్‌మెంటులో ఇరవై నాలుగు వాటాలు, సుమారు వందమంది. నేను కరెంటు శాఖలో చేశానని అందరికీ తెలుసు. సోమవారం ఉదయం నుంచి మెట్ల మీద కనబడ్డ ప్రతివారూ ఒకటే ప్రశ్న, "సార్, ఎప్పుడొస్తుంది?" నాకేం తెలుసు? సెల్ టవర్లు కూడా పడుకున్నాయి. అయినా పెద్దరికంగా, "ముందు పెద్ద లైన్లు, ఆ తరువాత 33 కె.వి., సబ్‌స్టేషను, ఆస్పత్రులు, నీటి పంపులు, అప్పుడు మన ఫీడరు" అని క్లాసు చెప్పేవాణ్ణి. నా క్లాసు సరైనదే. కాని నేను చెప్పవలసింది అది కాదు.

మా ఓవర్‌హెడ్ ట్యాంకు ఇరవై వేల లీటర్లు. తుఫాను వస్తోందని ముందు రోజే నిండా నింపాం. మామూలు రోజుల్లో పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లని లెక్క. అలా వాడితే వందమందికి ఆ ట్యాంకు ఒకటిన్నర రోజు వస్తుంది. ఆపదలో మనిషి బతకటానికీ శుభ్రంగా ఉండటానికీ కనీసం 15 లీటర్లు కావాలని సహాయ సంస్థల లెక్క. అలా వాడుకుంటే అదే ట్యాంకు పదమూడు రోజులు వస్తుంది. సోమవారం పొద్దున్నే వాల్వు కట్టేసి, వాటాకు ఇన్ని బిందెలని పోసి ఉంటే సరిపోయేది. ఎవరూ కట్టలేదు. అందరూ బురద కడుక్కున్నారు, స్నానాలు చేశారు. ట్యాంకు మంగళవారానికి ఖాళీ అయింది. జీవితమంతా లోడు లెక్కలు వేసిన నేను ఈ లెక్క ఆ తరువాత వారం రోజులకు వేశాను.

ఊరికి వచ్చే నీళ్ల సంగతీ అంతే. మేఘాద్రిగెడ్డలో ఎంత నీరున్నా పంపు తిరగకపోతే మన కుళాయిలోకి ఎక్కదు. ట్యాంకర్లు వచ్చాయి, కాని ట్యాంకరు కిందే ఆగుతుంది, లిఫ్టు లేదు.

మా పైన మూడో అంతస్తులో ఒక రిటైర్డు హెడ్మాస్టరు గారి భార్య ఉండేవారు. నేను అక్కయ్యగారూ అని పిలిచేవాణ్ణి. మాస్టారు అప్పటికే కాలం చేశారు. కొడుకు పని మీద హైదరాబాదులో చిక్కుకుపోయాడు. కోడలు ఉద్యోగం చేసే పిల్ల. ఆ అమ్మాయే ట్యాంకరు దగ్గర క్యూలో నిలబడి, రెండు బకెట్లు చొప్పున పైకి మోసేది. నాలుగు రోజులు మోసింది. అయిదో రోజు ఉదయం అక్కయ్యగారు మంచం దిగుతూ పడిపోయారు. ఆస్పత్రిలో చూసి, ఒంట్లో నీరు లేదు, మూత్రంలో ఇన్‌ఫెక్షను కూడా ఉందని సెలైను ఎక్కించారు.

మంచినీళ్లకు లోటు లేదు. ఆ ఇంట్లో మూల రెండు నీళ్ల డబ్బాలు నిండుగా ఉన్నాయి. విషయమేమిటో మా ఆవిడ మెల్లగా అడిగితే తెలిసింది. "నేను నీళ్లు తాగితే మాటిమాటికీ బాత్రూముకు వెళ్లాలి కదమ్మా. వెళ్లినప్పుడల్లా అర బకెట్టు పోయాలి. ఆ పిల్ల భుజాలు వాచిపోయాయి. అందుకని తగ్గించాను" అన్నారట. ఆ మాట కోడలికి చెప్పవద్దన్నారు కూడా.

మిత్రులారా, ఈ సభలో ఎంతమంది ఆడవాళ్లు, మగవాళ్లు ఇలాంటి పని చేసి ఉంటారో చేతులెత్తమని అడగను. మన వయసు వాళ్లకు దాహం తక్కువ తెలుస్తుంది. మొహమాటం ఎక్కువ తెలుస్తుంది. బి.పి. మాత్రలు వేసుకునేవాళ్లకు ఈ రెండూ కలిస్తే ప్రమాదం.

ఎనిమిదో రోజు రాత్రి దీపాలు వెలిగాయి. పిల్లలు కేకలు వేశారు. నేను మోటారు వెయ్యటానికి కిందకు పరుగెత్తాను. అది మూలిగింది తప్ప తిరగలేదు. మూడు ఫేజుల్లో ఒకటి లేదు. ఒక ఫేజు లేకపోయినా మిగతా వాటి మీద ఉన్న ఇళ్లలో బల్బులు వెలుగుతాయి, మూడు ఫేజుల మోటారు తిరగదు. వెంటనే కట్టకపోతే కాలిపోతుంది. ఆ మోటారు గదిలో టార్చిలైటు పట్టుకుని నిలబడితే నాకు 1996 గుర్తొచ్చింది.

ఆ ఏడాది నవంబరు 6 తుఫాను తరువాత కోనసీమలో డ్యూటీ వేశారు. రాత్రింబవళ్లు పనిచేశాం, అందులో అబద్ధం లేదు. ఒక ఊరి ఫీడరు చార్జి చేసి, పునరుద్ధరణ పూర్తి అని కాగితం మీద రాసి జీపెక్కుతుంటే ఒక ముసలమ్మ వచ్చింది. "బాబూ, కరెంటు వచ్చిందంటున్నారు, మరి నీళ్ల ట్యాంకు మోటారు తిరగటం లేదేం?" అంది. "అది పంచాయతీ వాళ్ల పని తల్లీ" అని చెప్పి వచ్చేశాను. బహుశా అక్కడ కూడా ఒక ఫేజే లేదేమో. పది నిమిషాలు ఆగి చూసి ఉంటే తెలిసేది. రిపోర్టులో స్తంభాలకు గడి ఉంది, ట్రాన్స్‌ఫార్మర్లకు గడి ఉంది, నీళ్ల బిందెకు గడి లేదు.

హుద్‌హుద్ తరువాత ప్రపంచ బ్యాంకు సహాయంతో మన నగరంలో కొంత మేర భూగర్భ కేబుళ్లు వేశారు. మంచిదే. అయితే వరద వేరే రకం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు, స్తంభాలు నిలిచి ఉన్నా ప్రాణభయంతో కరెంటు ఆపవలసి వచ్చింది. చుట్టూ నిలువెత్తు నీళ్లు, పై అంతస్తుల్లో తాగటానికి చుక్క లేదు. మన భవనాల్లో మీటర్లు, మోటారు ప్యానెలు నేల మీద నుంచి ఎంత ఎత్తున ఉన్నాయో ఇంటికి వెళ్లాక ఒకసారి చూడండి.

ఇన్సులిన్ గురించి ఇద్దరు ముగ్గురు అడిగారు. విప్పని సీసాలకు ఫ్రిజ్ కావాలి. వాడుతున్న సీసా చాలా రకాల్లో 30 డిగ్రీలు మించకుండా ఉంటే సుమారు నాలుగు వారాలు పనికివస్తుంది. మీ మందుతో వచ్చిన కాగితం చదవండి, డాక్టరు గారిని అడగండి. ఫ్రిజ్ లేనప్పుడు కొత్త కుండలో పెట్టి, కుండకు తడిగుడ్డ చుట్టి గాలి తగిలే చోట ఉంచటం పాత పద్ధతే, పనిచేస్తుంది. మందు మాత్రం తడవకూడదు.

ఇక జనరేటరు. అద్దెకు తెచ్చుకోండి, నీళ్లు తోడుకోండి. కాని చేంజోవర్ స్విచ్చి లేకుండా ఇంటి వైరింగుకు తగిలించవద్దు. మీ జనరేటరు కరెంటు వెనక్కి ట్రాన్స్‌ఫార్మరులోకి పోయి 11 వేల వోల్టులవుతుంది. లైను చచ్చిందనుకుని స్తంభమెక్కిన కుర్రవాడు కిందకు రాడు. హుద్‌హుద్‌కు పొరుగు రాష్ట్రాల నుంచి కూడా వచ్చి పనిచేశారు వాళ్లు.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. తలుపు దగ్గర బల్ల మీద ఒక నోటుపుస్తకం పెట్టాను. రెండో అంతస్తు, ఆ పైన ఒంటరిగా గాని, దంపతులు మాత్రమే గాని ఉన్నవాళ్లు పేరు, ఇల్లు, వాడే మందులు రాయండి. కింది అంతస్తుల్లో ఉండి, బకెట్టు మోయగల కొడుకో మనవడో ఉన్నవాళ్లు రెండో పేజీలో రాయండి. రాసిన తరువాతే టీ తాగండి. మొదటి పేజీలో అక్కయ్యగారి పేరు నేనే రాశాను. ఆవిడకు ఇప్పుడు ఎనభై నాలుగు. ఇంకా మూడో అంతస్తులోనే ఉన్నారు.