రేకుల షెడ్డుకు పక్క పంచ

గేదెలకో, ట్రాక్టరుకో వేసిన రేకుల షెడ్డు చాలడం లేదా? ఒక పక్కకు పంచ దించుకోండి. కొత్త రేకు పై అంచు పాత చూరు కిందికి జానెడు దూరాలి. పైన పెడితే వాన నీళ్లన్నీ లోపలికే. స్క్రూలు రేకు గట్టు మీద, రబ్బరు వాషరు వేసి బిగించాలి. పల్లంలో బిగిస్తే అక్కడే కారుతుంది. స్తంభాలను కాంక్రీటు దిమ్మెల్లో దింపండి. కోస్తాలో గాలివాన ముందు లేపేది ఇలాంటి పంచలనే.

చూరు పొడవునా నీళ్లు పట్టే రేకు కాలువ కట్టించండి. 100 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన కురిస్తే దాదాపు 1000 లీటర్లు! ఎండాకాలం ముందే రేకులకు తెల్ల రంగు వేయించండి. వేడికి గేదె మేత మానేస్తుంది, పాలు తగ్గిస్తుంది.