హృదయమునకు వ్యాయామము

(ఒక గ్రంథాలయ వార్షికసభలో గావించిన యుపన్యాసము)



వ్యాయామమనగానే మనకు తాలింఖానాయు, కండలు తిరిగిన మల్లుడును జ్ఞప్తికి వచ్చును. అది మన పని కాదని గుమాస్తాలు, వర్తకులు, ఉపాధ్యాయులు తప్పుకొందురు. ఈ తలంపు పొరపాటని మనవి చేయుటకే నేడు మీ యెదుట నిలిచితిని.

లండను నగరమున రెండంతస్తుల బస్సులు ప్రసిద్ధములు. అచటి రవాణా యుద్యోగులను పరిశీలించి, జెర్రీ మారిస్ అను వైద్యుడును ఆయన సహచరులును 1953లో లాన్సెట్ పత్రికయందు ఒక విశేషమును ప్రకటించిరి. బస్సు ఒక్కటే, వీధి ఒక్కటే. డ్రైవరు దినమంతయు కూర్చుండెడివాడు. కండక్టరు టిక్కెట్ల కొరకు మెట్లెక్కుచు దిగుచుండెడివాడు. హృద్రోగము కండక్టర్లలో తక్కువ. వచ్చినను ప్రాణము తీయుట మరింత తక్కువ!

లావుపాటివారే డ్రైవర్లుగా చేరిరేమో యని యాక్షేపింపవచ్చును. మారిస్ ఈ సందేహమును విడువలేదు. వారి యుద్యోగదుస్తుల నడుము కొలతలను శోధించి, డ్రైవర్లు మొదటినుండియు కొంత లావువారే యని 1956లో తానే ప్రకటించెను. అయినను, తరువాతి పరిశోధనలో సమానదేహులను పోల్చినప్పుడును కండక్టర్లకే మేలు కనబడెను.

కారణమేమి? హృదయము కూడ కండరమే. నిత్యము శ్రమించువాని గుండె ఒక్కొక్క స్పందనమునకు హెచ్చు రక్తమును పంపును. కావున విశ్రాంతివేళ నాడి నెమ్మదించును. రక్తనాళములు మెత్తబడును, రక్తపుపోటు తగ్గును, రక్తమందలి చక్కెరను కండరములు వినియోగించుకొనును.

వ్యాయామము అమృతము కాదు. పొగత్రాగుట మానక నడచినంతమాత్రమున పాపము పరిహారము కాదు. నడచునపుడు రొమ్మున నొప్పి కలుగువారు వైద్యునకు చూపుకొనక సాహసింపరాదు. తక్కినవారికి ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో చెప్పినది స్వల్పమే: పెద్దలు వారమునకు 150 మొదలు 300 నిమిషములు ఒక మాదిరి శ్రమ చేయవలెను. దినమునకు అరగంట వడిగా నడచినను, వారమున అయిదు దినములకే 150 నిమిషములు నిండును. దీనికి రుసుము లేదు, గురువు లేడు, సాధనము లేదు.

సంపాదించువాడు నడివయస్సున కూలినచో, ఆతనితో పిల్లల చదువును, వృద్ధుల మందును కూలును. అట్టి యిండ్లను మనమందరము చూచియున్నాము. దీర్ఘాయువు వ్యక్తి సుఖము మాత్రమే కాదు. కుటుంబమునకు, సంఘమునకు చెల్లింపవలసిన ఋణము.

ఈ సభ ముగిసినపిదప, శక్తిగలవారు బండి నెక్కక నడచియే యిల్లు చేరుదురుగాక. నేనును మీతో నడచెదను.