పండుగ రాయమంటే ఎవరి పండుగ రాసిండ్రు?

(జవహర్‌నగర్‌లో సాయంత్రం బడి నడిపే యువకులు, తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలకు రాసుడు ఎట్ల నేర్పాల్నో చెప్పమని నన్ను పిలిచిండ్రు. నేను రచయితను కాను. ఈ బస్తీల మూడేండ్ల సంది ఎనిమిది, తొమ్మిది, పది చదివే పిల్లలతోని రాయిస్తున్న, అంతే. నేను చేసిన తప్పుతోనే మొదలుపెడ్త.

మొదటి ఏడు బోర్డు మీద "మా ఇంటి పండుగ" అని రాసి, ఒక పేజీ రాయమన్న. 23 కాయితాలు వచ్చినయి. అన్నిట్ల ఒకటే సంక్రాంతి. ముంగిట ముగ్గు, ముగ్గుల గొబ్బెమ్మ, గంగిరెద్దు, కొత్త అల్లుడు, అరిసెలు. రెండు గజాల వాకిలి లేని మన ఇండ్లల్లకు గొబ్బెమ్మలు యాడికెల్లి వచ్చినయి? గైడులకెల్లి వచ్చినయి. పిల్లలు అబద్ధం ఆడలేదు. మార్కులు పడే పండుగ ఏదో వాళ్లకు ఎరుకే, అదే రాసిచ్చిండ్రు. నా ప్రశ్నే తప్పు.

మన ఇండ్లల్ల పండుగలు లేవా? పోశమ్మ లేదా, మైసమ్మ లేదా, ఏప్రిల్ 14 లేదా? బోనాలను, బతుకమ్మను 2014లో రాష్ట్ర పండుగలుగా ప్రకటించిండ్రు. అవి పేపర్లకు, టీవీలకు ఎక్కినయి, మంచిదే. అయితే ఎక్కేటప్పుడు ఏది కింద జారిపడ్డదో చూడున్రి. బోనం కుండ ఎక్కింది, యాపరెమ్మ ఎక్కింది, దీపం ఎక్కింది. డప్పు కొట్టెటోడు మాత్రం ఎక్కలేదు. "డప్పు చప్పుళ్ల మధ్య" అని ఒక్క ముక్క రాసి ఊకుంటరు. చప్పుడు దానంతట అదే పుడ్తదా?

రెండో ఏడు ప్రశ్న మార్చిన. "పండుగనాడు మీ ఇంట్ల అందరికంటె ముందు ఎవరు లేస్తరు? లేచి ఏం జేస్తరు?" ఇంతే అడిగిన.

ఒక పిలగాడు వాళ్ల తాత డప్పును మంటకు కాచుడు రాసిండు. తోలు బిగిసిందా లేదా అని ఏలుతో కొట్టి, చెవి దగ్గర పెట్టి చూస్తడట. కుడిచేతిల చిర్ర, ఎడమచేతిల సిటికెన పుల్ల. అర పేజీ నిండింది. అది ఏ గైడుల దొరకదు. చివరికి "మా తాత డప్పు కొడ్తడని మా క్లాసుల ఎవ్వరికి చెప్పలే" అని రాసి, మళ్ల దాన్ని కొట్టేసిండు. నేను ఆ గీత కింద ఉన్నది చదివిన. వాణ్ణి ఏమీ అడగలేదు.

ఇంకో పిల్ల రాసింది: దసరా తెల్లారి వాళ్లమ్మ చీకటితోనే లేస్తదట. పట్నం పండుగ చేసుకున్న చెత్త మన గుట్ట మీదికి వచ్చే రోజు అది. వాడిన బంతిపూల వాసన, కుళ్లు వాసన కలిసి కొడ్తదట. "మా పండుగ రెండు దినాల తర్వాత" అని రాసింది. హైదరాబాద్ దసరా మీద ఎంతోమంది రాసిండ్రు గని, ఇది రాసినోణ్ణి నేను చూడలేదు.

పంతుళ్లకు ఒక మాట. "లేస్తది"ని ఎర్ర పెన్నుతో "లేస్తుంది" చేయకున్రి. పరీక్ష భాష నేర్పాల్సిందే, నేను కాదనను. మొదటి కాయితం మీద మాత్రం వద్దు. నేను దిద్దిన, ఆ పిల్ల రెండు నెలలు మళ్ల రాయలేదు.

మనకు దారి చూపినోళ్లు లేక కాదు. పూణెలో సావిత్రిబాయి, జోతిరావు ఫూలేల బడిలో చదివిన ముక్తా సాల్వే మాంగ్ కులం పిల్ల, మన మాదిగలసొంటి కులం. ఆమె 14 ఏండ్లకే మాంగ్, మహార్‌ల దుఃఖం మీద వ్యాసం రాసింది. 1855లో "జ్ఞానోదయ" పత్రికలో అచ్చయింది. నెత్తి మీద కప్పు లేక కాన్పయిన ఆడోళ్లు పడే బాధను రాసింది. వేదాలు బ్రాహ్మలవే అయితే మరి మా మతం ఏదని నిలదీసింది. మన పదో తరగతి పిల్లల ఈడే గదా!

ఆ మతం ప్రశ్నే నాకు ఈ ఏడు ఎదురొచ్చింది. ఒక పిల్ల కాయితం తెల్లగ ఇచ్చింది. ఎందుకమ్మా అంటే, చాలాసేపటికి, "సార్, క్రిస్మస్ రాస్తే మా సర్టిఫికెట్ పోతదా?" అన్నది.

ఏం చెప్పాలె? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మొదట హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపిండ్రు. క్రైస్తవులను, ముస్లింలను కలపలేదు. క్రైస్తవం తీసుకున్న ఎస్సీలను మన దగ్గర బీసీ-సీల పెట్టిండ్రు. శిలువ పెట్టుకున్నా వెలివాడ ఇల్లు మారలేదు, కాయితం మాత్రం మారుతది. పద్నాలుగు, పదిహేనేండ్ల పిల్లకు ఈ లెక్క తెలుసు! నిజం రాయమని ఎగేసుడు మనకు అలకే. ఫీజు కట్టేది మనం కాదు.

అందుకే ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నం. నోటుబుక్కు పిల్లదే. పేరు రాయాల్నా వద్దా, చదివి వినిపియ్యాల్నా వద్దా, గోడకు అతికియ్యాల్నా వద్దా అన్నీ ఆ పిల్ల ఇష్టం. తల్లి వచ్చి అడిగినా ఆ పిల్లను అడగకుండ చూపెట్టొద్దు.

వారం తర్వాత ఆ పిల్ల రాసుకొచ్చింది. తనను అడిగి, ఒప్పుకున్నంకనే మీకు చెప్తున్న. డిసెంబర్ 24 రాత్రి పాటలు పాడెటోళ్లు గల్లీలకు వస్తరట. వాళ్లు లోపలికి రాంగనే అమ్మ తలుపు మూస్తదట, కిటికీ కూడ మూస్తదట. మూసినంక అందరికంటె గట్టిగ పాడేది అమ్మేనట.

జై భీమ్!