మెట్ల నడుమనున్న సంగీతము



కొన్ని సంవత్సరముల క్రిందట అరసవల్లి నుండి ఒక శ్రోత మాకు కార్డు వ్రాసిరి. ఆనాటి ప్రసారములో ఒక కార్యక్రమమునకును వార్తలకును నడుమ కొద్ది నిమిషముల వ్యవధి మిగిలినది. మేము మేండలిన్ శ్రీనివాస్‌గారి ధ్వనిముద్రణ నొకదానిని తీసికొని, ఆలాపనను విడిచిపెట్టి, వేగముగల కృతిభాగమును మాత్రము వినిపించితిమి. కాలము సరిగా సరిపోయినది. మేము సంతోషించితిమి. ఆ శ్రోత వ్రాసినది రెండే వాక్యములు: "మీరు మెట్లను వినిపించినారు. మెట్ల నడుమనున్నదానిని తీసివేసినారు."

ఆ కార్డునకు ఆనాడు మేము సమాధానము వ్రాయలేకపోతిమి. నేటి ప్రసంగమును ఆ సమాధానముగానే భావింపవచ్చును.

మెట్టు అనగా నేమో మన ప్రాంతమువారికి వేరుగా చెప్పనక్కరలేదు. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో పనస మానును తొలిచి వీణలు చేయు కుటుంబములు కలవు. ఆ వీణ దండిపై 24 మెట్లు మైనములో అమర్చబడి యుండును. ఒక్కొక్క మెట్టు ఒక్కొక్క స్వరమునకు స్థానము. అయితే వైణికుడు మెట్టుపై వ్రేలుంచి మీటి ఊరకుండడు. తంత్రిని ప్రక్కకు లాగును. నాదము ఆ స్థానము విడిచి పైకి జారి, మరల దిగివచ్చును. ఆ జారుటయు, ఊగుటయు గమకము. తోడి రాగములోని గాంధారమును ఊపక నిశ్చలముగా నిలిపినచో గాంధారము వినబడును గాని తోడి వినబడదు. కావున కర్ణాటక సంగీతమున రాగము మెట్లపై లేదు. మెట్టునకును మెట్టునకును నడుమ కలదు.

పరదేశపు వాద్య మేది వచ్చినను మనవారు దానికి పెట్టిన పరీక్ష ఇదియే. ఫిడేలు ఆ పరీక్షలో సులభముగా నెగ్గినది. దానికి మెట్లే లేవు. వ్రేలు ఎచటికైన జారవచ్చును. 1919లో విజయనగరమున మహారాజా వారి సంగీత కళాశాల వెలసినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు అధ్యక్షులైరి. ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ ఆచార్యులైరి. నాయుడుగారు 1936లో ఆ కళాశాలకే అధ్యక్షులై, గాయకుని వెనుక కూర్చుండు ఫిడేలును వేదిక నడుమకు తెచ్చి, ఏకవాద్యముగా కచేరీలు చేసిరి. 1964లో వారు కీర్తిశేషులగు నాటికి ఫిడేలు పరదేశపు వాద్యమని తలచువారు మన దేశమున లేకపోయిరి.

మేండలిన్ సంగతి వేరు. దానికి మెట్లున్నవి. దండి పొట్టిది. తంత్రులు జంటలు జంటలుగా ఎనిమిది. జంట తంత్రులను ఒక్కసారి లాగినచో రెండును ఒకే శ్రుతిలో నిలుచుట కష్టము. పైగా మీటిన నాదము క్షణములో ఆరిపోవును. అందుచేతనే ఆ వాద్యమున దీర్ఘస్వరము కావలసినచో మీటనమును వెంటవెంటనే కొట్టుచు వణికించుట పరిపాటి. చలనచిత్రముల పాటలకు అది చాలును. ఒక ఆలాపనకు చాలదు.

ఉప్పలపు శ్రీనివాస్‌గారు 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో జన్మించిరి. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ విద్వాంసులు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతారుగారి శిష్యులు. ఇచట ఒక విశేషము గమనింపదగినది. గురువుగారు మేండలిన్ వాద్యకారులు కారు. ఆయన పాడువారు; బాలుడు విని, దానిని వాద్యముపై వెదకుకొనువాడు. వ్రేలు ఎచట నుంచవలెనో చెప్పువారు లేరు; కంఠ మెచటికి పోయినదో అచటికి పోవలెను. లేని సంప్రదాయమును ఆ బాలుడు అట్లు తానే కల్పించుకొనవలసి వచ్చినది. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవమున మొదటి కచేరీ చేయునాటికి ఆయన వయస్సు తొమ్మిదేండ్లు.

ఆయన మెట్లను తీసివేయలేదు. జంట తంత్రులను తీసివేసిరి. విద్యుత్ మేండలిన్‌పై ఐదు ఒంటి తంత్రులను వాడిరి. ఒంటి తంత్రిని వీణతంత్రివలె లాగవచ్చును, శ్రుతి చెదరదు. ఐదవ తంత్రి వలన మంద్రస్థాయి లభించినది. విద్యుత్తు చేసిన మేలు ధ్వనిని పెద్దది చేయుట మాత్రమే యని పలువురు తలంతురు. అది సగమే నిజము. తంత్రి క్రింద అయస్కాంతమును, దానిచుట్టు సన్నని తీగచుట్టయు నుండును. తంత్రి కదలినంతసేపు ఆ చుట్టలో విద్యుత్తు పుట్టును. ఆరిపోవుచున్న సన్నని కంపనము కూడ చెవికి చేరును. విద్యుత్తు శ్రీనివాస్‌గారికి బలముకంటె ముఖ్యముగా వ్యవధి నిచ్చినది. ఒక్క మీటుతో పుట్టిన నాదము గమకము పూర్తియగువరకు బ్రతికియుండుట అప్పుడు సాధ్యమైనది.

ఈ సమస్యనే ప్రపంచమున మరియొక మూల మరియొకరు మరియొక విధముగా పరిష్కరించిరి. ఆయన అమెరికా దేశపు జాజ్ సంగీతజ్ఞుడు జాకో పాస్టోరియస్. పాశ్చాత్య వాద్యబృందమున మంద్రస్వరములు పలుకు పెద్ద ఫిడేలును నిలువుగా నిలిపి వాయింతురు. దానికి మెట్లు లేవు. 1951లో ఫెండర్ సంస్థ విద్యుత్ బేస్ గిటారును విపణిలోనికి తెచ్చినప్పుడు దానికి మెట్లు పెట్టి, స్వరము తప్పదను భావముతో దానికి 'ప్రెసిషన్' అని పేరిడినది. ఆ సంవత్సరమే డిసెంబరు 1న పాస్టోరియస్ జన్మించెను. పెద్దవాడై అతడు తన బేస్ గిటారు మెట్లను పీకివేసి, ఆ గాళ్లను పూడ్చి, పడవలకు పూయు గట్టి పూతను దండిపై పూసెను. మెట్లులేని బేస్ గిటారు అంతకుముందును లేకపోలేదు. కాని దానిచేత పాడించినవాడు అతడు. 1976లో వెలువడిన తన మొదటి ఆల్బమున తొలి అంశము 'డోనా లీ' యందు, చేతిడప్పుల తోడు మాత్రమే ఉండగా, వేగముగల రాగసరళి నంతటిని బేస్ గిటారే నడుపును. ఆ సంవత్సరమే అతడు 'వెదర్ రిపోర్ట్' బృందమున చేరెను.

బేస్ అనగా వెనుక నిలిచి లయకును శ్రుతికిని ఆధారమగు వాద్యము. దాని రుచి మనకు కొత్త కాదు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో జముకులకథ విన్నవారు జముకు ధ్వనిని మరువరు. గుమ్మటమునకు బిగించిన చర్మము నడుమనుండి ఒక తంత్రి. దానిని బిగించి సడలించుచు మీటినచో నాదము లోతుగా జారుచు కథకుని మాటలకు పీట వేయును. ఆ జారు నాదము పీట విడిచి లేచి తానే కథ చెప్పుట నూహించినచో పాస్టోరియస్ చేసినది కొంత అర్థమగును.

ఒకరు మెట్లను తీసిరి. ఒకరు మెట్లనుంచి తంత్రులను తగ్గించిరి. ఇరువురును వెదకినది మెట్ల నడుమనున్న చోటునే. ఇది మా ఊహ మాత్రమే కాదు. ఇరువురి ప్రక్కను కూర్చుండి వాయించిన గిటారు విద్వాంసు డొకరు కలరు. ఆంగ్లేయుడగు జాన్ మెక్లాఫ్లిన్ 1979లో క్యూబా రాజధాని హవానాలో పాస్టోరియస్‌తోను, డ్రమ్స్ వాయించు టోనీ విలియమ్స్‌తోను వేదిక నెక్కిరి. తరువాత 'రిమెంబర్ శక్తి' బృందమున జాకీర్ హుసేన్‌గారితోపాటు శ్రీనివాస్‌గారు వారికి సహవాద్యకారులైరి. అంతకు చాల పూర్వమే, 1983లో, పదునాలుగేండ్ల శ్రీనివాస్‌గారు పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవమున వాయించి ఆ శ్రోతల మెప్పు పొందియుండిరి. ఆయన అచట జాజ్ వాయింపలేదు. కర్ణాటక సంగీతమునే వాయించిరి. మనోధర్మముతో అప్పటికప్పుడు కల్పించు సంగీతమునకు అలవడిన చెవులు దానిని గుర్తించినవి.

ఆక్షేపణలు లేకపోలేదు. యంత్రము గుండా వచ్చు నాదమున మృదువునకును గట్టికిని గల తేడాలు కొంత చదునగునను మాటలో నిజమున్నది. వేగమును గూర్చిన ఆక్షేపణ ఇంకను బరువైనది. ఇరువురి వ్రేళ్లును అసాధారణ వేగముగలవి. సభలు వేగమునకే చప్పట్లు కొట్టినవి. అనుకరించినవారు వేగమునే అనుకరించిరి. అయితే ఈ దోషము వాయించినవారిదియా, విన్నవారిదియా? ఆనాడు ఆలాపనను తీసివేసిన మేము ఆ ప్రశ్న నితరుల నడుగుటకు తగము. వేగమును కొలువవచ్చును, నిమిషములలో ఇముడ్చవచ్చును. గమకమునకు అది కోరినంత చోటు విడువవలెను.

పాస్టోరియస్ 1987 సెప్టెంబరు 21న, ముప్పదియైదవ ఏట మరణించెను. శ్రీనివాస్‌గారు 2014 సెప్టెంబరు 19న చెన్నైలో, నలుబదియైదవ ఏట అస్తమించిరి. సాధారణముగా విద్వాంసుని నెమ్మది వయస్సుతో పండును. వేగము తగ్గిన పిమ్మట వీరు ఏమి వాయించియుండెడివారో వినుభాగ్యము మనకు లేకపోయినది. ధ్వనిముద్రణలలో వారు నెమ్మదిగా వాయించిన భాగములే దానికి మిగిలిన జాడలు. కావున వానిని మనము తేలికగా విడువరాదు.

ఈసారి వినునప్పుడు ఒక చిన్న పని చేయుడు. స్వరములను లెక్కింపకుడు. ఒక్క గాంధారమును పట్టుకొనుడు. మీటిన క్షణమున అది ఎచట పుట్టినది, ఎంతవరకు పోయినది, మరల మీటకుండనే ఎట్లు తిరిగి వచ్చినది, చివరకు ఎచట ఆరిపోయినది గమనింపుడు. పాస్టోరియస్ దీర్ఘస్వరమునను ఇట్లే వెదకుడు. ఒకచోట తెలిసినది రెండవచోట ఉపకరించును.

అరసవల్లిలో మార్చి, అక్టోబరు మాసములందు కొన్ని దినములు ఉదయసూర్యుని కిరణములు ద్వారముల గుండా పోయి స్వామి పాదములను తాకును. అది కొద్ది నిమిషముల పాటే. దానికై జనులు చీకటితోనే లేచివచ్చి నిలుచుందురు. త్వరగా కానిండని ఎవరును అనరు. మాకు కార్డు వ్రాసిన శ్రోత ఆ ఊరివారు. వారు మమ్ము కోరినది ఆపాటి ఓర్పునే.

ఈ ప్రసంగమునకు కేటాయించిన కాలములో కొంత మేము మిగిల్చితిమి. ఆనాడు విడిచిన ఆలాపనను ఇప్పుడు మొదటినుండి తుదివరకు వినిపించుచున్నాము.