తిథి జరగదు, కలయిక జరపొచ్చు

2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైందీ ఆ రోజే. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో అప్పుడు మిరప కోతలు. కాయ కల్లాల్లో ఉంది, గుంటూరు మిర్చి యార్డు మూతపడింది. హైదరాబాదులో హాస్టళ్లు ఖాళీ చేయమంటే ఇంటిదారి పట్టిన మన పిల్లలెందరో దాచేపల్లి దగ్గర పొందుగుల చెక్‌పోస్టులో ఆగిపోయారు. తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

చైత్ర శుద్ధ పాడ్యమిని ఎవరూ ముందుకు జరపలేరు. అయినవాళ్ల కలయికను జరపొచ్చు. 2022 సంక్రాంతికైతే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కర్ఫ్యూనే జరిపింది. ప్రయాణాలకు ఇబ్బంది లేకుండా, రాత్రి ఆంక్షలను పండగ దాటాక జనవరి 18 నుంచి పెట్టింది. కోవిడ్ పెరుగుతున్న ఆ రోజుల్లో పెద్దవాళ్లున్న ఇళ్లకు అది భయం లేని వెసులుబాటు మాత్రం కాదు.

అందుకే ఒక మనవి. మళ్లీ అలాంటి కాలం వస్తుందనిపిస్తే, జబ్బు ప్రబలకముందే, దారులు మూయకముందే ఓ ఆదివారం పిల్లల్ని పిలిపించుకోండి. బొబ్బట్లు ఆరోజే వండండి. దగ్గు, జ్వరం ఉన్నవాళ్లు ఫోన్లోనే పలకరించండి. ఉగాది పచ్చడి మాత్రం పాడ్యమినాడే, ఎవరింట్లో వాళ్లు కలుపుకోండి.